పుష్యమాసంలో అంబాసిడర్

ఉద్దానంలో చలికాలం మొదట కొబ్బరిచెట్ల మొదళ్ళలో కనిపిస్తుంది. రాత్రి చల్లబడిన ఎర్రనేల మీద, చెరువుల మీద, సముద్రం వైపు నుంచి వచ్చిన తేమ పొగలా పేరుకుని తెల్లవారేసరికి తోటల్లోంచి రోడ్డు మీదకి వస్తుంది. పుష్యం, మాఘం నెలల్లో ఇచ్ఛాపురం నుంచి కంచిలి, సోంపేట, పలాస, టెక్కలి దాకా పొద్దెక్కితే గానీ రోడ్డు ఆ మంచులోంచి బయటపడదు. ఎదర వస్తున్నది లారీయో ఎడ్లబండో దగ్గరకొచ్చేదాకా తెలియదు.

ఆ రోడ్డు మీద 1980లలో, 90లలో అంబాసిడర్ టాక్సీలు నడిపిన మనుషులు ఒక విద్య నేర్చుకున్నారు. దానికి పుస్తకం లేదు, బడి లేదు. లైసెన్సు ఇచ్చేటప్పుడు ఎవరూ దాని గురించి అడగలేదు. ఆ మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మాది డొంకూరు. మా చిన్నాన్న ఇచ్ఛాపురం స్టాండులో టాక్సీ నడిపేవాడు. బడి సెలవుల్లో నేను ఆయనకి క్లీనర్ని. ఆ విద్య ఎలా ఉండేదో రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు బండి సంగతి చెప్పాలి. అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. దాని మూడో సిరీస్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో దీన్ని తయారుచెయ్యడం మొదలుపెట్టారు. ఇంజను ముందుంటుంది. దాని శక్తి బండి పొట్ట కింద పొడవాటి షాఫ్టు గుండా వెనక ఇరుసుకి చేరుతుంది. బండిని కదిలించేవి వెనక చక్రాలు, ముందు చక్రాలు దారి మాత్రం చూపిస్తాయి. ఇంజను బరువేమో ముందు, తోయాల్సిన చక్రాలేమో వెనక. మనుషులు ఎక్కని బండిలో వెనక చక్రాలు నేలని గట్టిగా పట్టుకోవు. పొడి తారు మీద ఈ తేడా ఎవరికీ తెలియదు. తడిసిన గడ్డి మీద, బంకమట్టి మీద, ఇసుక మీద అంతా ఈ తేడాయే. సంతలో తోపుడుబండిని ఒక చేత్తో గట్టిగా తోస్తే దాని ముక్కు ఎటు తిరుగుతుందో చూసినవాడికి మిగతాది అర్థమవుతుంది.

ప్రీమియర్ పద్మినీ అంతే, జీపూ అంతే, ఒడిశా సరిహద్దంతా జనాన్ని మోసిన ట్రెక్కరూ అంతే. ముందు చక్రాలతో లాగే మారుతి 800 మన దేశంలో రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. మా స్టాండు దాకా అది రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

చలికాలంలో పని తెల్లవారుజామున హ్యాండిల్ కొట్టడంతో మొదలయ్యేది. రాత్రి చలికి బ్యాటరీ బిగుసుకుపోయి స్టార్టరు ఒక్క మూలుగు మూలిగి ఊరుకునేది. పెట్రోలు బండికి చోక్ లాగాలి, డీజిలు బండికి హీటరు వేడెక్కేదాకా ఆగాలి. అయినా పలక్కపోతే బంపరు కన్నంలోంచి ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పాలి. చిన్నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం బొటనవేలి గురించి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. ఇంజను ఎదురుకొడితే హ్యాండిల్ వెనక్కి విసురుతుంది. అప్పుడు చుట్టి పట్టుకున్నవాడి మణికట్టు విరుగుతుంది. రాత్రి బండి ఆపేటప్పుడే పల్లం చూసి ఆపడం కూడా ఆ విద్యలో భాగమే. పొద్దున్న ఇద్దరు తోస్తే చాలు, రెండో గేరులో క్లచ్ వదిలితే అందుకునేది.

తర్వాత అద్దం. అంబాసిడర్ వైపర్లు అద్దాన్ని తుడిచేకన్నా తడిని అటూ ఇటూ పూసేవి. మా వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగే చుట్టలు ఇంటింటా ఉండేవి. చిన్నాన్న ఒక చుట్ట విప్పి, పొగాకు తడిపి, అద్దానికి బయటవైపు రుద్దేవాడు. అలా రుద్దిన అద్దం మీద నీరు బొట్లుగా నిలవదు, పల్చగా జారిపోతుంది. లోపలివైపు ఊపిరికి పట్టే ఆవిరికి మందు ఒక్కటే, తలుపులకున్న చిన్న మూల అద్దాలు రెండూ తెరిచి చలిని లోపలికి రానివ్వడం. వెనక కూర్చున్నవాళ్ళు వణికేవాళ్ళు, దుప్పటి కప్పుకోమనేవాడు. కిటికీ తెరిచి ఉంచడానికి ఇంకో కారణం కూడా ఉండేది. మంచులో కళ్ళకన్నా చెవులు ముందు పనిచేస్తాయి. ఎద్దుమెడ గంట, లారీ ఇంజను, సైకిలు బెల్లు దీపం కనిపించేలోపే వినబడతాయి.

దీపాల గురించి స్టాండులో ఎవరికీ రెండో మాట ఉండేది కాదు. మంచులో డిమ్ లైటే. బ్రైటు వేస్తే వెలుగు పొగకి తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది, ఎదర తెల్లగోడ కట్టినట్టవుతుంది. క్లీనరు తల బయటపెట్టి ఎడమ పక్క రోడ్డు అంచు చూసి చెబుతుండాలి. "అంచుంది, అంచుంది, మట్టొచ్చింది" అని నేను అంటుంటే చిన్నాన్న స్టీరింగు వేలెడు వేలెడు సర్దుకునేవాడు. ముందు పోయే లారీ ఎర్రదీపాన్ని నమ్ముకుని వెంటబడ్డం ఆయనకి నచ్చేది కాదు. ఆ లారీ కాలవలోకి పోతే మనమూ పోతామనేవాడు. మంచు మరీ ముదిరితే రోడ్డు మీద ఆగకుండా, టీకొట్టో పెట్రోలు బంకో వచ్చేదాకా నెమ్మదిగా వెళ్ళి, రోడ్డు పూర్తిగా దిగాకే ఆపేవాడు.

అన్నిటికన్నా చెడ్డది మంచు కాదు, గడ్డి. వరి కోతలయ్యాక రైతులు పనలు తెచ్చి తారురోడ్డు మీద పరిచేవాళ్ళు. పోయే బళ్ళే తొక్కి గింజ రాలుస్తాయి. వరి అయ్యాక ఉలవ వచ్చేది, ఆ తర్వాత మినుము. కూలి ఖర్చు లేని నూర్పిడి అది, పొట్టకూటికి చేసేవాళ్ళని తిట్టడానికి డ్రైవర్లకి నోరొచ్చేది కాదు. కానీ రాత్రి మంచుకి తడిసిన ఉలవకట్టె మీద వెనక చక్రం పడితే తారుకీ రబ్బరుకీ మధ్య సంబంధం తెగిపోతుంది. ఆ రోజుల్లో టైర్లు కూడా ఇప్పటి రేడియల్ టైర్లు కావు, గట్టి నైలాను టైర్లు, వాటిలో సగం అరిగిపోయినవి. దానికి తోడు పంట చుట్టూ కాపలాగా పెట్టిన రాళ్ళు కొన్నిచోట్ల పంట ఎత్తేశాక కూడా రోడ్డు మీదే ఉండిపోయేవి. ఎండుగడ్డి అయితే ఇంకో భయం, షాఫ్టుకి చుట్టుకుని, కాలుతున్న పొగగొట్టానికి తగిలి అంటుకుంటుంది. గడ్డి దాటిన ప్రతిసారీ బండి ఆపి కింద వంగి చూసి, చుట్టుకున్నది కొడవలితో కోసి తియ్యడం నా పని.

కంచిలి దాటాక ఒక వంపు దగ్గర, పెళ్ళివారిని దింపి ఖాళీగా తిరిగొస్తున్నప్పుడు, తడిసిన ఉలవ మీద మా బండి వెనక కొట్టింది. తోక ఎడమకి పోయింది, ముక్కు కుడికి, ఎదురొచ్చేవాళ్ళ పక్కకి తిరిగింది. నేను డాష్‌బోర్డు పట్టుకుని అరిచాను. చిన్నాన్న కాలు యాక్సిలరేటరు మీద నుంచి మెల్లగా తీశాడు. బ్రేకు జోలికి పోలేదు. క్లచ్ తొక్కి, స్టీరింగు ఎడమకి, తోక పోతున్న వైపుకే తిప్పాడు. బండి ఒక ఊపు ఊగి సరిపడుతుండగా స్టీరింగుని మళ్ళీ తిన్నగా తెచ్చేశాడు, లేకపోతే తోక రెండో వైపు కొడుతుంది. రెండో ఊపే బండిని బోల్తా కొట్టిస్తుందని తర్వాత చెప్పాడు. ఇంత జరిగినా ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. టీకొట్టు దగ్గర ఆగినప్పుడు మాత్రం అన్నాడు: "సూడు గుంటడా, బండి జారితే కాలు తీసీ, సెయ్యి తోకెనకాల పోనీ. బ్రేకు మాత్రం ముట్టుకోకు. బ్రేకు తొక్కినోడు సక్రాలు కట్టీసుకుని జారతాడు."

ఆ మాటల్లో ఎంత భౌతికశాస్త్రం ఉందో చాలాకాలం తర్వాత గానీ నాకు అర్థం కాలేదు. తిరుగుతున్న చక్రానికే నేల మీద పట్టు ఉంటుంది. బ్రేకుతో బిగుసుకుపోయిన చక్రం చెప్పినట్టు వినదు. వేగంలో ఉండగా గబుక్కున కింది గేరు వేసి క్లచ్ వదిలినా వెనక చక్రాలకి బ్రేకు తొక్కినట్టే, తోక కొడుతుంది. అందుకే చిన్నాన్న వంపు రాకముందే వేగం తగ్గించి, గేరు మార్చేసి, వంపులో కాలు ఒకేలా ఉంచి దాటేవాడు. స్టీరింగు పక్కనుండే ఆ గేరు రాడ్డు ఆయన చేతిలో చప్పుడు చెయ్యడం నేను వినలేదు.

ఖాళీ డిక్కీతో చలికాలం బయల్దేరేవాడు కాదు. రెండు గోనెసంచుల్లో ఇసుక నింపి, మూతి కుట్టి, వెనక సీటుకి ఆనుకునేలా డిక్కీలో పెట్టేవాడు. దాంతో వెనక ఇరుసు మీద బరువు పడి చక్రాలు నేలని పట్టుకుంటాయి. మనుషులు నిండా ఎక్కితే సంచులు స్టాండులో వదిలేసేవాడు. మూటలు డిక్కీ చివర పెట్టినవాళ్ళని ఆపి మరీ లోపలికి జరిపించేవాడు. ఇరుసుకి దూరంగా వెనకెక్కడో వేలాడే బరువు తోకని ఇంకా ఎక్కువ ఊపుతుందని, కమాన్ కట్టల మీద కూర్చున్న బరువే బండిని నిలబెడుతుందని ఆయన లెక్క.

డొంకూరు దారి వేరే చదువు. తారు అయిపోయాక గ్రావెలు, గ్రావెలు అయిపోయాక ఇసుక. చేపల బేరగాళ్ళు, పెళ్ళివారు, రోగులు అందరూ ఆ ఇసుక దాటాల్సిందే. మత్స్యకారుల ఊరు మాది, పడవ ఎలా నడుస్తుందో పసిపిల్లాడికి కూడా తెలుసు. కారు ఇసుకలో ఎలా నడుస్తుందో మాకు నేర్పినవాళ్ళు ఈ డ్రైవర్లే. ఇసుక రాకముందే ఆగి, వెనక టైర్లలో గాలి కొంత తియ్యాలి. టైరు వెడల్పుగా పరుచుకుని పైపైన పోతుంది, దిగబడదు. ఇసుకలోకి దిగాక ఆగకూడదు, గేరు మార్చకూడదు, ఒకే వేగం, ఒకే కాలు. ఆగాల్సివస్తే పల్లం వైపు ముక్కు పెట్టి ఆపాలి, బయల్దేరేటప్పుడు రెండో గేరులో క్లచ్ నెమ్మదిగా వదలాలి. మొదటి గేరు జోరుకి చక్రం అక్కడే తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది.

అయినా దిగబడేవి. అప్పుడు కొబ్బరిమట్టలు. ఉద్దానంలో దేనికి కొరతున్నా మట్టలకి కొరత లేదు. చక్రం ముందు ఇసుక పారతో తీసి, మట్టల్ని ఈనె అడ్డంగా వచ్చేలా పరిచి, పది మంది తోస్తే బండి లేచేది. ఒక చక్రం గిర్రున తిరుగుతూ రెండోది కదలకపోతే చిన్నాన్న హ్యాండ్‌బ్రేకు కొంచెం లాగి పట్టుకునేవాడు. హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలకే ఉంటుంది కదా, ఊరికే తిరిగే చక్రానికి అడ్డు తగిలితే ఇరుసులోని పళ్ళు శక్తిని రెండో చక్రానికి పంపుతాయి. అది నాకు అప్పట్లో మంత్రంలా అనిపించేది. ఎన్నో బళ్ళు ఆ ఒక్క ఉపాయంతో బయటికి రావడం చూశాను.

ఈ ఓపికంతా ఎవరికోసమో చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. డొంకూరు నుంచి పెద్దాసుపత్రి అంటే దగ్గర్లో బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజి, దూరంలో విశాఖ కేజీహెచ్. పొద్దున ఓపీకి అందాలంటే అర్ధరాత్రో తెల్లవారుజామునో బయల్దేరాలి, అంటే మంచు ముదిరిన వేళలోనే. పురిటినొప్పులతో ఉన్న ఆడవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, తర్వాతి ఏళ్ళలో ఉద్దానాన్ని పట్టి పీడించిన కిడ్నీ జబ్బుతో ముఖాలు ఉబ్బిన మగవాళ్ళు. కొబ్బరితోటల్లో, జీడితోటల్లో ఎండనక వాననక పనిచేసిన మనుషులు ముప్పై నలభై ఏళ్ళకే ఆ వెనక సీట్లో పడుకుని వెళ్ళారు. వాళ్ళకి ఒక్క కుదుపు తగిలితే వాంతి అవుతుంది. బ్రేకు గట్టిగా పడితే సీటు కిందికి జారతారు. చిన్నాన్న కాలి మెత్తదనం బండి కోసం ఎంతో, వెనక పడుకున్న మనిషి కోసం అంతకన్నా ఎక్కువ. బండి జారనివ్వని కాలే రోగిని కూడా కదలనివ్వదు. ఆ సీట్లో వెళ్ళినవాళ్ళలో మా వాళ్ళు కూడా ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారని తెలిసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ రాత్రి ప్రయాణాలే. అది పాతికేళ్ళ ముందు ఉండి ఉంటే!

పెళ్ళి ప్రయాణాల్లో సంతోషం వేరు. మాఘమాసం ముహూర్తాలకి బానెట్ మీద బంతిపూల దండలు కట్టి, లోపల ఎనిమిదిమందిని కూర్చోబెట్టి పోయేవాళ్ళు. బరువుంది గనక బండి జారదు, చిన్నాన్న పాటలు కూడా పాడేవాడు. పలాస దగ్గర జీడిపప్పు బట్టీల పొగ మంచుతో కలిసి గొంతులో మంటపెట్టేది.

ఈ విద్య మా రోడ్డుకి మాత్రమే చెందింది కాదని తర్వాత తెలిసింది. మా మేనల్లుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో చదువుకోడానికి వెళ్ళి, డబ్బు తక్కువని ఒక పాత కారు కొన్నాడు. అదీ వెనక చక్రాల బండే. మొదటి మంచు పడగానే ఖాళీ పార్కింగు స్థలంలోనే బండి గిర్రున తిరిగిందట. అక్కడివాళ్ళు వాడికి చెప్పింది, డిక్కీలో ఇసుక మూటలు వెయ్యమని, శీతాకాలపు టైర్లు నాలుగూ మార్చమని, రెండో గేరులో బయల్దేరమని, తోక ఎటు పోతే స్టీరింగు అటు తిప్పమని. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీలకన్నా తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుందని, శీతాకాలపు టైర్ల రబ్బరు మెత్తగానే ఉంటుందని కూడా వాడు చెప్పాడు. ఫోనులో ఇదంతా విని చిన్నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే, "మూటలు ఎక్కడ ఎట్టాడు? ఇరుసు మీదా, తోకలోనా?" వాడు తోకలోనే పెట్టాడు. ఆ సాయంత్రమే వాడు మంచులో నిలబడి వాటిని ముందుకి జరిపాడు.

ఇంకో సంగతి కూడా ఇద్దరికీ కలిసింది. అక్కడ రోడ్డు మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కార్ల కింది రేకుని తినేస్తుందట. మా అంబాసిడర్లని తిన్నది సముద్రపు గాలిలోని ఉప్పు. వర్షాకాలం అయ్యాక కార్పెట్ ఎత్తి చూస్తే నేల కనిపించేది. వాడేసిన ఇంజనాయిలు కుంచెతో కింద పూసేవాళ్ళు, తలుపుల అడుగున నీరు పోయే కన్నాల్లో పుల్ల పెట్టి గెలికేవాళ్ళు. అయినా డొంకూరు వైపు తిరిగిన బళ్ళు పలాసలోని బళ్ళకన్నా ముందే పోయాయి.

మార్పు ఒక్కరోజులో రాలేదు. 1994లో సుమో వచ్చింది, 1998 చివర్లో ఇండికా వచ్చింది. స్వర్ణ చతుర్భుజిలో భాగంగా రోడ్డు నాలుగు వరసలయింది, పాత ఎన్‌హెచ్ 5 తర్వాత ఎన్‌హెచ్ 16 అయింది. గడ్డి పరిచే రైతులు సర్వీసు రోడ్డుకి, ఊరి రోడ్లకి తప్పుకున్నారు, తర్వాత నూర్పిడి యంత్రాలొచ్చాయి. స్టాండులో అంబాసిడర్లు ఒక్కొక్కటే తూకానికి పోయాయి. ఉత్తర్‌పారాలో 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. ఆ పేరుని 2017లో ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొనుక్కుంది. అప్పటికే ఇచ్ఛాపురంలో ఆ కారు నడిపినవాళ్ళలో కొందరు ఆటోలకి మారారు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. స్టాండులో పగలంతా కూర్చుని ఒకరికొకరు చెప్పుకున్న రోడ్డు కబుర్లు, ఏ వంపు దగ్గర ఎవరి పంట పడింది, ఏ చెరువుగట్టు మీద మంచు ముదురుతోంది, అవన్నీ వాళ్ళతోనే పోయాయి. ఇప్పుడు ఫోనులో మ్యాపు దారి చూపిస్తుంది. దారి మీద ఉలవ పరిచారో లేదో అది చెప్పదు.

కొత్త కార్లు మంచివి, వాటిని తక్కువ చెయ్యను. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. చక్రం బిగుసుకోకుండా అదే చూసుకుంటుంది. ఎంతమంది ప్రాణాలు అది కాపాడిందో. కానీ పాత ఇన్నోవాలు, బొలేరోలు ఇప్పటికీ వెనక చక్రాలతోనే నడుస్తాయి. కార్తీకమాసం వనభోజనాలకి, కొత్త సంవత్సరానికి డొంకూరు బీచికి వచ్చే కుర్రాళ్ళు వాటిని నేరుగా ఇసుకలోకి దింపి, చక్రం తిరగడం లేదని ఇంకా గట్టిగా తొక్కుతారు. ఇరుసు దాకా దిగబడ్డాక ఎవరో ఒకరు మా ఇంటికొచ్చి పిలుస్తారు. చిన్నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అయినా కర్ర పట్టుకుని వెళ్తాడు. డ్రైవరుని దిగమనడు, పక్కన నిలబడి మాటతో నడిపిస్తాడు. "కాలు తీసీ బాబూ ముందు. గాలి తియ్యి. మట్టలెయ్యండొరే." బండి బయటపడ్డాక వాళ్ళు డబ్బులివ్వబోతే తీసుకోడు. ఇచ్ఛాపురం వెళ్ళగానే గాలి కొట్టించుకోమని మాత్రం రెండుసార్లు చెబుతాడు, తగ్గిన గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది కనక.